తేలికపాటి కిట్ విమానం తయారీ, ఇంజిన్ అమరికపై ఆమదాలవలస సభ తీర్మానం

ఆమదాలవలస పట్టణంలోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ లేత్ షెడ్లు నడుపుతున్నవారు, ఫిట్టర్లు, వెల్డర్లు, మోటారు మెకానిక్కులు, రైల్వేలోనూ కర్మాగారాల్లోనూ పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న సాంకేతిక సిబ్బంది, డిప్లొమా, ఐటీఐ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు సమావేశమై, తమ ముందుకు వచ్చిన ప్రతిపాదనను చర్చించి ఈ కింది తీర్మానాన్ని ఆమోదించారు.

ప్రతిపాదన ఇది. రెండు సీట్ల తేలికపాటి విమానాన్ని కిట్‌గా తెప్పించి, మన పిల్లల చేతులతో, పని తెలిసిన పెద్దల పర్యవేక్షణలో ఆమదాలవలసలోనే కూర్చాలి. ఇంజిన్ బిగించి, నేల మీద చేయాల్సిన పరీక్షలన్నీ ముగించి, ప్రభుత్వ అనుమతులు చేతికి వచ్చాక, ఆమోదం ఉన్న రన్‌వే మీద నుంచి, లైసెన్సు ఉన్న పైలట్ చేత ఎగిరించాలి.

ఈ పని ఎందుకు తలపెట్టాలో సభ మొదటే స్పష్టం చేయదలచింది. శ్రీకాకుళం జిల్లా వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు గల్ఫ్ దేశాల రిఫైనరీల్లోనూ, మన దేశంలోని ఓడరేవుల్లో, విద్యుత్ కేంద్రాల్లోనూ పనిచేస్తున్నారు. అక్కడ వారి చేతిపనికి మంచి పేరుంది. ఊరికి తిరిగొచ్చాక మాత్రం ఆ పనితనాన్ని పిల్లలకు నేర్పడానికి ఇక్కడ తగిన చోటు లేదు. చక్కెర కర్మాగారం మూతపడిన తరవాత పెద్ద యంత్రం పక్కన నిలబడి, దాన్ని విప్పి బిగించి నేర్చుకునే అవకాశం మన పట్టణపు కుర్రవాళ్ళకు కరవైంది.

ఇదే సమయంలో భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయం మన పొలిమేరల్లోకి వచ్చింది. దాన్ని చేపట్టిన జీఎంఆర్ సంస్థ వ్యవస్థాపకులు మన రాజాంవారే. మన లోక్‌సభ సభ్యులు కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు 2024 జూన్ నుంచి కేంద్ర పౌర విమానయాన మంత్రి. ఇన్ని కలిసొచ్చినా, విమానాశ్రయమంటే మన పిల్లలకు ఇంతవరకూ వినిపిస్తున్నవి సామాను ఎత్తే పని, కాపలా, టికెట్ కౌంటరు మాత్రమే. అవి గౌరవంగా బతికే పనులే, ఎవరూ చిన్నచూపు చూడనక్కర్లేదు. కానీ రెక్క లోపల ఏముందో, ఇంజిన్‌కు పెట్రోలు ఏ దారిన వస్తుందో, ఒక బోల్టు ఎంత బిగించాలో ఎరిగిన చేతులు కూడా ఈ జిల్లా నుంచి రావాలి. సభ కోరిక ఇదే. విమానం కూర్చినంత మాత్రాన ఎవరికీ విమాన నిర్వహణ ఇంజనీరు లైసెన్సు రాదు. ఆ సంగతి చేరే ప్రతి విద్యార్థికీ, తల్లిదండ్రులకూ ముందే చెప్పి తీరాలి. ఈ పని వల్ల వచ్చేది శిక్షణ. అది లైసెన్సుకు చదవబోయేవారికి గట్టి పునాది అవుతుంది.

ఇది మన తాహతుకు మించిన పని అన్న అనుమానం సభలో వ్యక్తమైంది. అందుకు జవాబుగా కొన్ని సంగతులను సభ నమోదు చేస్తోంది. 1910లో, మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, మద్రాసులో హోటలు నడిపే జాకోమో డి ఏంజెలిస్ తన సొంత నమూనాతో సింప్సన్ కంపెనీ చేత విమానం తయారుచేయించి ఎగిరించాడు. సింప్సన్ వారు అప్పటికి గుర్రపు బగ్గీలకు పేరుపొందినవారు. రైట్ సోదరులు ఎగిరి అప్పటికి ఏడేళ్ళయినా నిండలేదు. 1987లో బెంగళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీ, అమెరికాలో ఇళ్ళలో కట్టుకునేవారి కోసం బర్ట్ రూటన్ రూపొందించిన లాంగ్-ఈజీ నమూనాను తీసుకుని తేలికపాటి ప్రయోగ విమానాన్ని తయారుచేసి ఎగిరించింది. గాజునార, రెసిన్‌తో విమానం చేయడం అలా చేతికి వచ్చింది. అదే సంస్థ నుంచి 1993లో హంస శిక్షణ విమానం గాలిలోకి లేచింది. బెంగళూరులోనే రాజ్‌హంస సంస్థ తయారుచేసిన ఎక్స్-ఎయిర్ కిట్లను బ్రిటన్, ఫ్రాన్స్ దేశాలవారు కొనుక్కుని తమ షెడ్లలో కూర్చుకున్నారు. మన దేశంలో తయారైన కిట్టు పరాయి ఊళ్ళ షెడ్లలో విమానమైనప్పుడు మన షెడ్డులో ఎందుకు కాకూడదని ఒక విద్యార్థిని సభలో అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదని సభ భావించింది.

ముంబయి కాండివలిలో కెప్టెన్ అమోల్ యాదవ్ తాముంటున్న భవనం డాబా మీద ఆరు సీట్ల విమానాన్ని తయారుచేశారు. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో దాన్ని దేశమంతా చూసింది. రిజిస్ట్రేషన్ 2017లో దొరికింది, ఎగరడానికి పర్మిట్ 2019లో వచ్చింది. ఆయన పట్టుదలకు సభ నమస్కరిస్తోంది. విమానం సిద్ధమయ్యాక కూడా కాగితాల కోసం ఇన్నేళ్ళు పట్టిందన్నదీ సభ దృష్టిలో ఉంది. అందుకే అనుమతుల పనిని చివరికి వదలకుండా మొదటి రోజే మొదలుపెట్టాలి.

కిట్టు ఎంపిక విషయంలో సభ అభిప్రాయం ఇది. పూర్తిగా లోహపు రేకులతో చేసిన, నెమ్మదిగా ఎగిరే, పొట్టి రన్‌వే చాలే, రెక్క పైన ఉండే నమూనా మనకు తగినది. కెనడాలో క్రిస్ హైంజ్ రూపొందించిన జెన్‌ఎయిర్ సీహెచ్ 701 అలాంటిది. మన ఎన్‌సీసీ వైమానిక విభాగం కూడా దాన్ని శిక్షణకు వాడింది కాబట్టి ఈ దేశపు గాలికీ ఎండకూ అది కొత్తది కాదు. అందులో వాడేది 6061-టీ6 రకం అల్యూమినియం మిశ్రమలోహపు రేకు. దాన్ని వెల్డింగు చేయరు, రివెట్లతో కలుపుతారు. ఇక్కడ మన వెల్డర్ అన్నదమ్ములకు ఒక మాట చెప్పాలి. ఎంత చెయ్యి తిరిగినవారైనా ఈ రేకు మీద వేడి పెట్టకూడదు. దాని బలం వేడిచేసి చల్లార్చిన పద్ధతిలోనే ఉంది. టార్చి తగిలితే ఆ చోట అది మెత్తబడిపోతుంది.

రివెట్ పని సులువుగా కనిపిస్తుంది. సభకు వచ్చిన ఒక పెద్ద ఫిట్టరు రేకు ముక్కకు రంధ్రం వేసి పిల్లలందరి చేతికీ ఇచ్చారు. బొటనవేలితో అంచు తడిమితే కంటికి కనిపించని ముల్లు గీసుకుంది. ఆ బర్రును రెండు వైపులా తీసేయాలి. తీయకపోతే రెండు రేకులు ఒకదానికొకటి ఆనవు. రంధ్రం అంచున మిగిలిన గీతే ఇంజిన్ అదురుకు రోజురోజుకూ సాగి పగులవుతుంది. ఇలాంటి రంధ్రాలు ఒక్క రెక్కలోనే వేలల్లో ఉంటాయి. ప్రతి రంధ్రమూ వేసినవారు ఒకరు, చూసి సంతకం పెట్టినవారు ఇంకొకరు ఉండాలని సభ తీర్మానిస్తోంది. రేకు మూసేసిన తరవాత లోపల చూడగలిగేవారు లేరు గనక, మూసే ముందు ఫొటో తీసి పని పుస్తకంలో అంటించాలి.

కిట్టు పెట్టెలో వచ్చిందంతా సరైనదే అనుకోకూడదు. ప్రపంచంలో అత్యధికంగా కిట్టు విమానాలు అమ్మిన అమెరికా సంస్థ వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ రేకు భాగాల్లో కొన్నింటికి లేజర్‌తో రంధ్రాలు కోయించింది. కొనుక్కున్నవారు వాటిని రివెట్‌కు సిద్ధం చేస్తుంటే అంచుల్లో పగుళ్ళు కనిపించాయి. భాగాలు మార్చి ఇవ్వాల్సి వచ్చింది. ఇతర ఆర్థిక చిక్కులూ తోడై 2023 డిసెంబరులో ఆ సంస్థ కోర్టు రక్షణ కోరింది. అంత అనుభవం ఉన్నచోటే ఇలా జరిగింది. ఆ పగుళ్ళను పట్టుకున్నది కూడా షెడ్లలో కూర్చుని పనిచేస్తున్న మామూలు మనుషుల కళ్ళే. మన పిల్లలకు రావాల్సిన చూపు అది.

ఇంజిన్ విషయంలో సభ ఎక్కువసేపు చర్చించింది. పట్టణంలో కార్ల ఇంజిన్లు విప్పడంలో దిట్ట అయిన ఒక సభ్యుడు సవరణ తెచ్చారు. విదేశీ ఇంజిన్ ఖరీదు భరించలేం గనక, మంచి స్థితిలో ఉన్న కారు ఇంజిన్‌ను మనమే మార్చుకుని వాడదామన్నది ఆ సవరణ. దానిలోని ఆలోచన మంచిదే. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, సుబారు కార్ల ఇంజిన్లతో ఎగిరినవారు పడమటి దేశాల్లో ఉన్నారు. కానీ రోడ్డు మీద కారు తన పూర్తి శక్తిలో కొద్ది భాగమే వాడుకుంటుంది. విమానం నేల విడిచి పైకెక్కేటప్పుడు శక్తి అంతా అడుగుతుంది, ఆ తరవాత గంటల తరబడి సుమారు ముప్పాతిక వంతు శక్తితో నడవమంటుంది. ఇంజిన్ వేగంతోనే పంకా (ప్రొపెల్లరు) తిరిగితే దాని కొసలు ధ్వని వేగానికి దగ్గరపడి శక్తి వృథా అవుతుంది. కాబట్టి వేగం తగ్గించే గేరుపెట్టె కావాలి. ఆ గేరుపెట్టెకూ క్రాంక్ షాఫ్టుకూ మధ్య పుట్టే మెలిక అదురును లెక్కగట్టి తట్టుకునేలా చేయడం మన పరికరాలతో అయ్యే పని కాదు. పైగా అది మొదటి విమానానికి, పిల్లలు నేర్చుకునే విమానానికి చేయాల్సిన ప్రయోగం కాదు. ఇవన్నీ విన్నాక సభ్యుడు తన సవరణను తానే ఉపసంహరించుకున్నారు. ఆయన్నే ఇంజిన్ ఉపసంఘానికి పెద్దగా ఉండమని సభ కోరింది, ఆయన ఒప్పుకున్నారు.

అందువల్ల రోటాక్స్ 912 తరగతి ఇంజిన్ తీసుకోవాలని తీర్మానించడమైనది. ఆస్ట్రియాలో తయారయ్యే ఈ ఇంజిన్‌కు నాలుగు సిలిండర్లు రెండువైపులా పడుకుని ఉంటాయి. సిలిండర్లకు గాలి, పైనున్న హెడ్లకు నీరు చల్లదనమిస్తాయి. ప్రతి సిలిండరుకూ రెండు స్పార్క్ ప్లగ్గులు, వాటికి రెండు వేర్వేరు ఇగ్నిషన్లు ఉంటాయి కాబట్టి ఒకటి ఆగినా రెండోది నడిపిస్తుంది. 100 గుర్రాల శక్తినిచ్చే రకం నిమిషానికి 5,800 చుట్లు తిరిగితే, 2.43 వంతుల గేరుపెట్టె వల్ల పంకా సుమారు 2,390 చుట్లే తిరుగుతుంది. మన హంస విమానాల్లో వాడింది కూడా రోటాక్స్ ఇంజిన్లే. విడిభాగాలు, పని తెలిసినవారు దేశంలో దొరుకుతారు.

ఇక ఇంధనం. ఇది అన్నిటికంటే జాగ్రత్త పడాల్సిన సంగతి. బంకుల్లో దొరికే పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఈ 912 తరగతికి తయారీదారు అనుమతించింది 10 శాతం వరకే. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత రబ్బరు గొట్టాలను, కొన్ని రకాల సీలింగు పూతలను మెత్తబరుస్తుంది. సభలోనే గీతలున్న గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, పైన 90 మిల్లీలీటర్ల బంకు పెట్రోలు పోసి, మూత బిగించి కుదిపి కాసేపు నిలవనిచ్చారు. అడుగున ఉన్న నీటి గీత 10 దగ్గర ఆగలేదు. పెట్రోలులోని ఇథనాల్ నీళ్ళలోకి దిగి గీత 25 దాటింది. వెనక బెంచీల్లోని పిల్లలు లేచి ముందుకు వచ్చి మరీ చూశారు. చెరకు రైతుకు ఇథనాల్ వల్ల మేలు జరిగితే సభకు సంతోషమే. ఈ విమానం ట్యాంకులో మాత్రం అది పడకూడదు.

కాబట్టి విమానాల కోసం తయారయ్యే ఏవీగ్యాస్ 100 ఎల్‌ఎల్ వాడాలి. లోగడ దిగుమతి చేసుకునే ఈ ఇంధనాన్ని ఇండియన్ ఆయిల్ సంస్థ 2022 నుంచి వడోదరలోని గుజరాత్ రిఫైనరీలో తయారుచేస్తోంది. దీనిలో సీసం ఉంటుంది. ఆ సీసపు మసి గేరుపెట్టెలో, ప్లగ్గుల మీద పేరుకుంటుంది గనక నూనెను తయారీదారు చెప్పిన తక్కువ గడువులోనే మార్చాలి. ఖర్చు పెరుగుతుందని ఈ గడువు పొడిగించకూడదు. ఇంధనం వచ్చిన ప్రతి డబ్బాకూ పైన చెప్పిన గాజు గొట్టం పరీక్ష చేసి ఫలితం రాయాలి.

ఇంధనపు దారిలో సొంత మార్పులు ఒక్కటీ చేయకూడదని సభ గట్టిగా తీర్మానిస్తోంది. అమెరికన్ గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియా తీరంలో కూలి చనిపోయింది పైన చెప్పిన లాంగ్-ఈజీ నమూనా విమానంలోనే. దాన్ని కట్టిన వ్యక్తి ట్యాంకు మార్చే పెట్రోలు కాక్‌ను నమూనాలో చూపిన చోట పెట్టకుండా పైలట్ ఎడమ భుజం వెనక పెట్టాడు. తిప్పాలంటే సీట్లో వెనక్కి తిరగాలి. అలా తిరిగే ప్రయత్నంలోనే విమానం అదుపు తప్పిందని దర్యాప్తు సంస్థ తేల్చింది. కట్టినవారు ఇంకొకరు, నడిపి ప్రాణం పోగొట్టుకున్నవారు ఇంకొకరు. అమెరికా రవాణా భద్రతా మండలి ఇళ్ళలో కట్టిన విమానాలపై 2012లో వెలువరించిన అధ్యయనం కూడా ప్రమాదాల్లో ఎక్కువ వాటికి ఇంజిన్ ఆగడం, విమానం అదుపు తప్పడం కారణాలుగా చూపింది.

కనుక మొదటిసారి ఇంజిన్ తిప్పే ముందే పెట్రోలు పారుదల కొలవాలి. ఎత్తు రెక్క విమానంలో పెట్రోలు ట్యాంకు నుంచి కిందికి దానంతటదే పారుతుంది. పారుదల ఇంజిన్ గరిష్ఠంగా తాగే దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలన్నది నియమం. ఈ ఇంజిన్ పూర్తి శక్తితో గంటకు 27 లీటర్ల దాకా తాగుతుంది. అంటే గంటకు 40.5 లీటర్లు, ఆరు నిమిషాలకు నాలుగు లీటర్లకు కాస్త పైగా కొలపాత్రలో పడాలి. అది కూడా చదును నేల మీద కాదు. ముందు చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కించి, విమానం పైకెక్కేటప్పుడు ముక్కు ఎంత లేస్తుందో అంత లేపి, ట్యాంకులో కొద్దిగానే పెట్రోలు ఉంచి కొలవాలి. మన మే నెల ఎండలో మధ్యాహ్నం ఒకసారి, మంచు పడే పుష్యమాసపు తెల్లవారుజామున ఒకసారి ఇంజిన్ నడిపి చూడాలి. వేడికి పెట్రోలు గొట్టాల్లోనే ఆవిరై ఇంజిన్ ఆగడమూ, తేమకు కార్బొరేటరులో మంచు కట్టడమూ రెండూ మన తీరంలో ఎదురయ్యేవే.

సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. రేకులు కలిసే ప్రతి చోటా, కలపక ముందే, తుప్పు నివారించే ప్రైమరు పూయాలి. షెడ్డు ఎంపికలో 2018 అక్టోబరు నాటి తిత్లీ తుఫానును ఎవరూ మరవకూడదు. మూడు వందల కిలోల లోపు బరువుండే ఈ విమానం ఆ గాలికి నిలవదు. అక్టోబరు, నవంబరు నెలల్లో రెక్కలు బిగించి ఉంచకూడదు. తుఫాను హెచ్చరిక రాగానే రెక్కలను గోడవారగా, బాడీని పక్కా భవనంలో ఉంచాలి.

ఒక నిషేధం. పొలాల్లోనూ, నాగావళి ఇసుక మేటల మీదా, ఖాళీ రోడ్ల మీదా, కొన్ని అడుగుల ఎత్తుకైనా సరే, ఈ విమానాన్ని ఎవరూ లేపకూడదు. విశాఖ విమానాశ్రయం నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగాకు చెందినది, మన చుట్టూ ఉన్న ఆకాశం ఎవరికి వారు వాడుకునేది కాదు. అనుమతి వచ్చాక విమానాన్ని విప్పి లారీలో ఆమోదం ఉన్న చోటుకు తీసుకెళ్ళి, అక్కడ మళ్ళీ కూర్చి, మళ్ళీ తనిఖీ చేయించాలి. దీనికి మినహాయింపు లేదు. నిషేధాన్ని దాటినవారి సభ్యత్వం ఆ రోజే రద్దవుతుంది.

పని జట్లలో ఆడపిల్లలకు మగపిల్లలతో సమానంగా చోటుండాలి. లెక్కలు రాయడానికీ టీ అందించడానికీ కాదు, డ్రిల్లు పట్టడానికీ టార్క్ రెంచితో బిగించడానికీ. విద్యార్థుల నుంచి రుసుము తీసుకోకూడదు. చందాల జమాఖర్చులు ప్రతి నెలా షెడ్డు తలుపు మీద అంటించాలి.

కేంద్ర పౌర విమానయాన శాఖకూ, విమానాలకు అనుమతులిచ్చే డీజీసీఏకూ ఈ సభ విన్నపం చేస్తోంది. మన దేశంలో దారి మూసి లేదని అమోల్ యాదవ్ గారికి దొరికిన పర్మిట్టే చెబుతోంది. కానీ ఆ దారి ఒక్కో మనిషి ఏళ్ళ తరబడి తనంతట తాను తొలుచుకోవాల్సినదిగా ఉండకూడదు. అమెరికాలో సగానికి పైగా పని తానే చేసినట్టు పని పుస్తకంతో, ఫొటోలతో రుజువు చేసుకున్నవారికి ప్రయోగ వర్గం కింద అనుమతి ఇస్తారు. తొలి పరీక్షగా మామూలుగా 40 గంటలు జనావాసాలకు దూరంగా నడిపించి చూస్తారు. బ్రిటన్‌లో లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అనే సభ్యుల సంస్థ, ప్రభుత్వ విమానయాన సంస్థ అప్పగించిన అధికారంతో, తన ఇన్‌స్పెక్టర్లను షెడ్డుకు పంపి దశలవారీగా తనిఖీ చేయిస్తుంది. మన వైమానిక దళంలో, విమాన సంస్థల్లో పనిచేసి విరమించిన ఇంజనీర్లు దేశంలో ఎంతోమంది ఉన్నారు. వారికి అలాంటి అధికారం ఇచ్చి, చిన్న పట్టణాల షెడ్లకు తనిఖీ చేరేలా చూడాలని సభ కోరుతోంది. ఏ దశలో ఏ కాగితం, ఎవరి దగ్గర, ఎన్ని రోజుల్లో అన్నది తెలుగులో ఒక చిన్న పుస్తకంగా ముద్రించి ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు పంపాలని కోరుతోంది. నియమాలు సడలించమని మేము అడగడం లేదు. నియమాలు మాకు తెలిసేలా, మా షెడ్డు దాకా వచ్చేలా చేయమని అడుగుతున్నాం.

కిట్టుకు డబ్బు చెల్లించే ముందే ఈ తీర్మానంతో పాటు ఎంచుకున్న నమూనా, ఇంజిన్, షెడ్డు వివరాలు డీజీసీఏకు రాసి పంపాలి. లిఖితపూర్వక సమాధానం వచ్చేదాకా కొనుగోలు జరగకూడదు. ఆ లోపు పిల్లలు ఊరికే ఉండకుండా, అదే రకం రేకుతో రెండడుగుల రెక్క ముక్కను నమూనాగా చేసి, రివెట్లు వేసి, ఇసుక బస్తాలతో బరువు పెట్టి అది ఎక్కడ విరుగుతుందో చూడాలి. విరిగిన ముక్కను పారేయకుండా షెడ్డులో అందరికీ కనిపించేలా వేలాడదీయాలి.

తీర్మానం ప్రతులను పౌర విమానయాన శాఖ మంత్రిగారికి, డీజీసీఏకు, శ్రీకాకుళం జిల్లా కలెక్టరుగారికి, ఆమదాలవలస శాసనసభ్యులకు, పురపాలక సంఘానికి, జిల్లాలోని ఐటీఐ, పాలిటెక్నిక్ ప్రిన్సిపాళ్ళకు పంపాలి. ఇంజిన్ ఉపసంఘం, రేకు పని ఉపసంఘం, లెక్కల ఉపసంఘం పేర్ల జాబితాలు తయారుచేసి తదుపరి సమావేశం ముందు ఉంచాలి.